అమ్మ మీద ఒట్లు

నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు మా అమ్మ ప్రాణం మా క్లాసులో మిల్లు వాళ్ళ అమ్మాయి చేతిలో ఉండేది. ఆ సంగతి మా అమ్మకి తెలియదు. మిల్లు వాళ్ళ అమ్మాయికి మాత్రం బాగా తెలుసు.

పందొమ్మిది వందల అరవైల మధ్యనాటి మాట ఇది. మా నాన్న రేపల్లెలో ఒక ధాన్యం కొట్లో గుమాస్తాగా పనిచేసేవారు. కామెర్లొచ్చి, పసరు మందులు పోస్తుండగానే పోయారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని తెనాలిలో మా మావయ్య ఇంటికి చేరింది. వచ్చినవాళ్ళందరూ తలరాత అన్నారు, దిష్టి అన్నారు, మా అమ్మమ్మ అయితే రేపల్లె ఇంటి వాస్తు చెడగొట్టాడని మేస్త్రీని తిట్టింది. అసలు కారణం నాకొక్కదానికే తెలుసు.

నాన్నకి జబ్బు చేయడానికి కొద్దిరోజుల ముందు పాల మీద మీగడంతా నేను తినేశాను. అమ్మ గిన్నె చూసి నిలదీసింది. "పిల్లి తినేసింది, నాన్న మీద ఒట్టు" అన్నాను. ఆ నెల తిరక్కుండానే నాన్న కళ్ళు పచ్చబడ్డాయి. ఇందులో డాక్టరు చెప్పాల్సింది ఏముంది? దొంగ ఒట్టు వేస్తే ఎవరి మీద వేశామో వాళ్ళకే కొడుతుందని మా వీధిలో అక్షరం ముక్క రాని పిల్లలకి కూడా తెలుసు.

ఇంత బరువు మోసుకుంటూ తెనాలి ఆడపిల్లల హైస్కూల్లో అడుగుపెట్టాను. నేనెవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. "రేపల్లె పిల్ల మూగదంట" అని రెండో వారానికల్లా తేల్చేశారు. అప్పుడు మిల్లు వాళ్ళ అమ్మాయి వచ్చి నా పక్కన కూచుంది.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి రెండోసారి చదువుతోంది కాబట్టి క్లాసులో తనకి కొంత సీనియారిటీ ఉండేది. రిక్షాలో వచ్చేది. గొంతు పెంచి మాట్లాడేది కాదు, అందరూ మెడలు చాచి వినాల్సి వచ్చేది. నా చేతిలో జీళ్ళు పెట్టి, "నీకెవరూ లేరు కదే, నేనున్నాలే" అంది. నాన్న పోయాక నాతో అలా అన్న మొదటి మనిషి తను. ఇంట్లో వాళ్ళందరూ అమ్మకే చెప్పారు ఆ మాట. నాకు ఏడుపు ఆగలేదు. ఇంటర్వెల్లో మెట్ల కింద కూచుని మీగడ సంగతంతా చెప్పేశాను. తనూ నాతో కలిసి ఏడ్చింది. ఓణీ చెంగుతో నా ముక్కు కూడా తుడిచింది.

రెండ్రోజులు పోయాక చెయ్యి చాచింది.

"ఇంకెవరి పక్కనా కూచోనని ఒట్టు వెయ్యి. మీ అమ్మ మీద."

నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నా మీద వేసుకుంటానే" అన్నాను.

"నీ మీదైతే తప్పుతావు. మీ అమ్మ మీదైతే చచ్చినా తప్పవు."

అంత తెలివీ లెక్కల్లో ఉండుంటే రెండోసారి చదివేది కాదు. తన చేతిలో చెయ్యి వేశాను.

తర్వాత గోంగూర పచ్చడి ఒట్టు పడింది. మిల్లు యజమాని, వాళ్ళ నాన్నగారికి కడుపులో పుండు, అందుకని వాళ్ళింట్లో అందరికీ చప్పిడి కూడే. మా అమ్మ చేసిన పచ్చడి తను తిని, ఉప్పూ కారం లేని పప్పు నా కారియర్లో వేసేది. తర్వాత పూల ఒట్టు: నా జడలో పూలు తన పూలకన్నా గుప్పెడు తక్కువ ఉండాలి. అమ్మమ్మ కట్టిచ్చిన మాలని దారిలోనే తుంచి, మిగిలింది ఎవరి మేకకో పెట్టేదాన్ని. ఆ మేక నాకోసం వీధి మొదట్లో ఎదురుచూడటం నేర్చుకుంది.

అన్నిటికన్నా ఘోరం సినిమా ఒట్టు. కొత్త సినిమా ఏదైనా తనకంటే ముందు నేను చూడకూడదు. ఆ ఒట్టు పడిన ఆదివారమే మా మావయ్యకి ఎన్నడూ లేనిది ప్రేమ పుట్టి, ఇంటిల్లిపాదినీ కొత్త సినిమాకి తీసుకెళ్ళాడు. నేను రానంటే కొట్టేట్టున్నాడు. వెళ్ళి కూచుని, దీపాలు ఆర్పగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పాటలు వినబడ్డాయి, ఏడుపులు వినబడ్డాయి, హాలంతా పగలబడి నవ్వింది. వేయించిన శనక్కాయలు తడుముకుంటూ తిన్నాను. మధ్యలో ఒక కన్ను తెరుద్దామనిపించింది. ఒక కన్నే తెరిస్తే ఒట్టు సగమే తప్పినట్టు కదా, సగం తప్పితే అమ్మకి ఏమవుతుంది, పక్షవాతమా అని ఆలోచించి ఆ ప్రయత్నం మానుకున్నాను. పక్కనే ఉన్న అమ్మమ్మ నా మొహం చూసి, పిల్లకి కంట్లో వేడి చేసిందని నిర్ధారించింది. వారం రోజులు మాడున ఆముదం పెట్టింది.

రోజూ సాయంత్రం పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి గుమ్మంలోంచే "అమ్మా!" అని కేకపెట్టేదాన్ని. అమ్మ వంటింట్లోంచి, "ఏంటే ఆ అరుపు? చచ్చానో బతికానో చూడ్డానికొచ్చావా?" అనేది. నిజంగా అందుకే వచ్చేదాన్ని. ఆ మాట చెప్పకూడదు, ఎందుకంటే ఈ ఒట్ల సంగతి ఎవరికీ చెప్పనని అన్నిటికన్నా పెద్ద ఒట్టు ఒకటుంది. నా పని కుడితిలో పడ్డ ఎలుకలా తయారైంది. ఆ పిల్లంటే నాకు భయం. తను మాట్లాడటం మానేస్తే మళ్ళీ మూగపిల్లనైపోతానని ఇంకా భయం. ఇష్టం కూడా ఉండేది, అదే సిగ్గుచేటు.

చివరి ఒట్టు తనకి రాని లెక్క నాకూ రాకూడదని. నాకు లెక్కలంటే ప్రాణం. నాన్న రాత్రి భోజనాలయ్యాక బస్తాలూ పుట్లూ చెప్పి నాచేత నోటిలెక్కలు చేయించేవారు. మిల్లు వాళ్ళ అమ్మాయికి ఏ లెక్కా రాదు కాబట్టి నాకూ ఏ లెక్కా రాకుండా పోయింది.

ఒకరోజు లెక్కల టీచరు గారు వడ్డీ లెక్క ఒకటి బోర్డు మీద రాసి మిల్లు వాళ్ళ అమ్మాయిని లేపారు. తను నేల చూపులు చూసింది. "అయితే పక్కనున్నదానా, నువ్వు రా" అన్నారు. బోర్డు దగ్గరికెళ్ళి, చాక్‌పీసు పట్టుకుని ఎలా తప్పు చేద్దామా అని ఆలోచిస్తూనే ఉన్నాను, నా చెయ్యి నన్నడక్కుండా లెక్క చేసేసింది. జవాబు చూసుకుని హడలిపోయి, అరచేత్తో చెరిపేసి, దానికి ఒకటి కలిపి రాశాను.

టీచరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "తప్పు చెరిపి ఒప్పు రాసేవాళ్ళని చూశాను. ఒప్పు చెరిపి తప్పు రాసేదాన్ని నిన్నే చూడటం. రేపు మీ పెద్దవాళ్ళని తీసుకురా" అన్నారు.

మావయ్య తను వెళ్తానన్నాడు. నాన్న పోయాక అమ్మ వీధిలోకి రాలేదు, ఎదురొస్తే ఎవరేమంటారోనని. అలాంటిది, "నా కూతురి కోసం పిలిస్తే నువ్వెళ్ళడమేంట్రా" అని పైట కప్పుకుని బయల్దేరింది.

స్కూలు వరండాలో టీచరు గారు జరిగిందంతా చెప్పారు. అమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళి అడిగింది. నేను నోరు విప్పలేదు. బతిమాలింది, గద్దించింది, వీపు మీద ఒకటిచ్చింది. నోరు తెరిస్తే తనే పోతుందని తనకేం తెలుసు?

"నోటితో చెప్పకు, తలే ఊపు" అంది చివరికి. ఒట్టు నోటితో చెప్పకూడదనే కదా. నా ప్రాణం లేచొచ్చింది.

"ఎవరైనా కొడుతున్నారా?" అడ్డంగా ఊపాను. "ఎవరైనా ఒట్టు పెట్టించారా?" నిలువుగా ఎంత గట్టిగా ఊపానంటే జడ ముందుకొచ్చి పడింది. "ఎవరి మీద?"

దానికి తల ఊపడం కుదరదు. అమ్మ మొహంలోకి చూస్తూ భోరుమన్నాను.

"నా మీదా?" అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో పిచ్చిమొహమా, నా మీద ఒట్టేసేటప్పుడు నన్నొక మాట అడగొద్దటే?"

నా పక్కన కూచునేది ఎవరో టీచరు గారికి తెలుసు, మిల్లు వాళ్ళ అమ్మాయిని పిలిపించారు. తిడుతుందనుకుని తను ఏడుపు సిద్ధం చేసుకునే వచ్చింది. అమ్మ తిట్టలేదు. "రామ్మా. నా ఒట్లు నీ దగ్గరున్నాయంట కదా. ఒట్టు తీసి గట్టున పెట్టమంటారు, ఈ చప్టాయే గట్టనుకో. ఒక్కోటీ తీసి పెట్టు" అంది.

తను చప్టా మీద చెయ్యి ఆనించి, "పక్కన కూచునే ఒట్టు తీసేశా" అంది. తర్వాత పూలది తీసింది. తర్వాత మర్చిపోయింది. "సినిమా" అని నేను అందించాను. "లెక్కలది" అన్నాను. తీస్తుంటే వస్తూనే ఉన్నాయి.

"ఇన్ని మోస్తున్నానా! అందుకేనేమో ఈమధ్య ఒకటే నడుం నొప్పి" అంది అమ్మ. టీచరు గారు దగ్గు నటిస్తూ అటు తిరిగారు.

అన్నీ అయ్యాయనుకున్నాం. మిల్లు వాళ్ళ అమ్మాయి చెయ్యి తీయకుండా నిలబడింది. "పిన్నిగారూ, గోంగూర పచ్చడిది ఒక్కటీ ఉంచుకోనాండి?" అంది, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో.

అమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "అదీ తీసెయ్యి. ఒట్టు లేకుండానే పంపిస్తాలే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ జాలికి మంచీ చెడూ ఉండదు.

సాయంత్రం ఇద్దరం నడిచి ఇంటికొస్తుంటే రైలు గేటు వేసేశారు. రేపల్లె బండి వెళ్ళాలి. జట్కాలు, సైకిళ్ళు, గడ్డిబండి, అందరం ఆగాం. నేను గుండె చిక్కబట్టుకుని అడిగాను.

"అమ్మా, నాన్న మీద వేసిన ఒట్టు కూడా తీయొచ్చా?"

"నాన్న మీద ఏం ఒట్టే?"

చెప్పేశాను. మీగడ, పిల్లి, ఒట్టు, కామెర్లు. నన్నక్కడే వదిలేసి వెళ్ళిపోతుందనుకున్నాను.

అమ్మ నవ్వింది. పైట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మొగుడు పోయినామె నడిరోడ్డు మీద అలా నవ్వుతుంటే జట్కావాడు గుర్రాన్ని వదిలేసి మమ్మల్నే చూశాడు.

"ఒట్టు తప్పితే మనుషులు పోయేట్టయితే నేను నువ్వు పుట్టకముందే పోవాలి కదే! పెళ్ళైన కొత్తలో బాపట్ల సముద్రానికి స్నానానికెళ్ళాం. మీ నాన్న నీళ్ళలో నిలబడి నా నెత్తిన చెయ్యి పెట్టి, ఇక చుట్ట ముట్టనని ఒట్టేశారు. ఒడ్డుకొచ్చి తడిపంచె మార్చుకోకముందే ముట్టించారు. అదేంటండీ అంటే, ఒట్టు నీళ్ళలో వేశాను, ఇది ఒడ్డు కదా అన్నారు. ఏడాదికి నాలుగుసార్లు నా మీద ఒట్టేసేవారు, నాలుగుసార్లూ తప్పేవారు. నాకు జలుబు కూడా చేయలేదు."

నవ్వుతూ నవ్వుతూనే తన కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. "ఇంకా ఎన్ని తప్పినా బాగుండేదే. మనిషంటూ ఉంటే చాలు కదా" అంది.

రేపల్లె బండి మా ముందునుంచి పొగ కక్కుకుంటూ పోయింది. అమ్మ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"మీ నాన్న కామెర్లొచ్చి పోయారు. అను."

"నాన్న కామెర్లొచ్చి పోయారు."

"నా వల్ల కాదు. అను."

అది రాలేదు. గేటు తీశారు. జట్కాలు కదిలాయి, సైకిళ్ళు గంటలు కొట్టాయి, గడ్డిబండి వాడు, "పక్కకి జరగండమ్మా" అని అరిచాడు. అమ్మ నా గడ్డం వదల్లేదు, అంగుళం కదల్లేదు. గడ్డిబండి మా ఇద్దరి చుట్టూ తిరిగి వెళ్ళింది.

"నా వల్ల కాదు" అన్నాను.

"గట్టిగా."

గట్టిగా అన్నాను. గేటు దగ్గర జనమంతా తిరిగి చూశారు. అప్పుడు గాని అమ్మ నా చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించలేదు.