మోగని కెమెరా

లక్షా అరవై వేలు చెప్పిన కెమెరా బాడీని లక్షా నలభై ఎనిమిది వేలకు దింపి, పైగా ఒక బ్యాగు ఊరికే పట్టుకొచ్చిన దాన్ని నేను. విజయవాడ షాపతను బిల్లు రాస్తూ, "మీలాంటి కస్టమరు నెలకొకరు వస్తే మేం కొట్టు మూసుకోవాల్సిందే మేడం" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయి నరసరావుపేట దాకా బస్సులో నవ్వుకుంటూనే వచ్చాను. ఇరవై ఏళ్ల ఫోటోగ్రఫీలో అంతకంటే బాగా చేసిన బేరం నాకు లేదు. అంతకంటే తెలివితక్కువ కొనుగోలూ లేదు.

అది 2023 మాఘమాసం. మా వైపు పెళ్ళిళ్ళ సీజను, మిర్చి సీజను ఒకదాని మీద ఒకటి పడే రోజులు. లారీల వెంట వచ్చిన ఘాటుకి స్టూడియోలో కూర్చున్నవాళ్ళు తుమ్ముతూనే ఉంటారు. పాస్‌పోర్టు ఫోటోకి ఒక మనిషిని కళ్ళు తెరిపించి కూర్చోబెట్టడమే పెద్ద పని. అట్లాంటి ఒక ఉదయం కోటేశ్వరరావు గారు వచ్చారు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమీషను వ్యాపారి. మా నాన్నగారి బట్టల కొట్లో పాత ఖాతాదారు కాబట్టి నాకు బాబాయ్ వరస. వెంట వచ్చిన కూతురు లావణ్యకి పెళ్ళి కుదిరింది. ఫోటోలు, వీడియో, ఆల్బం అన్నీ కలిపి తొంభై వేలకు మాట అనుకున్నాం. లేవబోతూ ఆగారు.

"అమ్మాయ్, నీది మిర్రర్‌లెస్సేగా?"

"కాదు బాబాయ్ గారూ, డీఎస్ఎల్ఆర్. ఎనిమిదేళ్ల నుంచి ఒక్క పెళ్ళి చెడగొట్టలేదు."

"అట్టా కాదు. మా వియ్యంకుడు అడిగాడు. వాళ్ళ పెద్దోడి పెళ్ళికి మిర్రర్‌లెస్ పెట్టారంట. మనం తగ్గితే ఎట్టా?"

చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్ వెనక చిన్న అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే అది పైకి లేచి మళ్ళీ పడుతుంది. ఫోటో తీసినప్పుడు వినపడే 'టక్' చప్పుడులో దానిదే పెద్ద వాటా. మిర్రర్‌లెస్ అంటే ఆ అద్దం లేని కెమెరా. ఇదే ఆయనకీ చెప్పాను.

"మా లారీకి అద్దం లేకపోతే ఫైను రాస్తారు, నీ కెమెరాకి అద్దం లేకపోతే గొప్పంట! ఏదైతేనేం, అదే పెట్టు. లేదంటే విజయవాడ వాళ్ళని మాట్లాడుకుంటా" అని ఆయన కారెక్కారు.

లావణ్య మాత్రం ఒక్క నిమిషం వెనక ఆగింది. "అక్కా, నాకు ఏ కెమెరా అయినా పర్లేదు. జీలకర్ర బెల్లం పెట్టుకునేటప్పుడు తెర దించుతారు చూడు, అప్పుడు ఇద్దరం చూసుకునేది ఒక్కటి మంచిగా రావాలి. అది పెద్దది ఫ్రేము కట్టించుకుంటా. మిగతా ఆల్బమంతా నాన్నది, ఆయన ఇష్టం."

నాతో పదేళ్లుగా వీడియో తీస్తున్న బాజీ ఈ సంగతి వినగానే లెక్క తేల్చేశాడు. "అద్దెకి తెద్దామక్కా. గుంటూరులో బాడీ, దానికి సరిపడే లెన్సులు కలిపి రోజుకి మూడున్నర వేలు. రెండు రోజులకి ఏడు వేలు. వాళ్ళ వియ్యంకుడి ముచ్చటా తీరిపోద్ది."

"అద్దె కట్టిన డబ్బు తిరిగి రాదు బాజీ. కొంటే వస్తువు మిగులుద్ది."

"వస్తువు మిగులుద్ది సరే, నువ్వు మిగలొద్దా?"

కొట్లో పుట్టిన దాన్ని, కొట్టులేనివాడి మాట వింటానా? పాత కెమెరా శుభ్రంగా పనిచేస్తోంది. నా ఫోటోల్లో లోపముంటే అది నాది, దానిది కాదు. అయినా కొత్తది ఎందుకు అని నన్ను నేను అడగలేదు, ఎంతకి వస్తుంది అనే అడిగాను. బేరమాడటం వచ్చినవాళ్ళకి ఉండే జబ్బే ఇది. ధర తగ్గుతుంటే అవసరం పెరిగినట్టే అనిపిస్తుంది.

విజయవాడలో నా ప్రతాపం మొత్తం చూపించాను. ధర వినగానే లేచి నిలబడటం, గుమ్మం దాకా నడవటం, వెనక్కి పిలిచేదాకా చెప్పులు నిదానంగా వేసుకోవటం, అన్నీ మా నాన్నగారి కొట్లో గిరాకీలు మా మీద చేసినవే. షాపతను పన్నెండు వేలు దిగాడు. దిగి, "ఇందులో సైలెంట్ షట్టరు ఉంది మేడం. చడీచప్పుడు ఉండదు. తీసినట్టు పెళ్ళికూతురికి కూడా తెలీదు" అని చూపించాడు. ముచ్చటేసింది. మంత్రాల మధ్యలో నా టక్ టక్ మైకులో పడుతోందని బాజీ పదేళ్లుగా సణుగుతున్నాడు.

బిల్లు కట్టాక అసలు సంగతులు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. నా పాత లెన్సులు కొత్త బాడీకి నేరుగా అతకవు, మధ్యలో అడాప్టరు కావాలి. పాత కార్డులు దీని వేగానికి చాలవు. బ్యాటరీ పూటకి రాదు, ఇంకోటి కావాలి. తీరా ఇంటికొచ్చి ఫోటోలు ఎక్కించబోతే, ఆ ఫైళ్ళ బరువుకి కంప్యూటరు పడకేసింది. దానికీ వైద్యం చేయించాను. వీటిలో దేనికీ బేరం ఆడలేదు. పీకల దాకా దిగాక ఇంక గుమ్మం దాకా నడిచే వీలేముంటుంది?

కిటికీ వెలుగులో మా అమ్మని కూర్చోబెట్టి చాలా ఫోటోలు తీశాను. వెన్నలా వచ్చాయి. మండపం లైట్ల కింద మాత్రం ఒక్కటీ తీసి చూడలేదు.

పెళ్ళి మా ఊళ్ళోనే, ఏసీ కల్యాణ మండపంలో. పగటి ముహూర్తం. పందిరంతా ఎల్‌ఈడీ లైట్లు, వెనక ఎల్‌ఈడీ తెర. ఫ్లాష్ అక్కర్లేనంత వెలుగు. సైలెంట్ షట్టరు పెట్టుకుని పిల్లిలా తిరిగాను. వియ్యంకుడు గారు దగ్గరికొచ్చి కెమెరా మీద పేరు చదువుకుని వెళ్ళారు. ముహూర్తానికి అడ్డుతెర దించారు. మేళం హోరెత్తింది. లావణ్య తలెత్తి చూసింది, అబ్బాయి నవ్వాడు. బటన్ మీద నుంచి వేలు ఎత్తకుండా తీశాను.

తర్వాత మంగళసూత్రం. పురోహితుడు శాస్త్రి గారికీ నాకూ చాలా ఏళ్ల ఒప్పందం ఒకటుంది. సూత్రం వధువు మెడ దగ్గరికి రాగానే ఆయన వరుడి చేతులు అక్కడే పట్టి ఆపుతారు. నా టక్ వినపడ్డాక మేళం వాళ్ళకి వేలు చూపిస్తారు. అప్పుడు గట్టిమేళం, అప్పుడు ముడి. ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు, పని చేస్తూ చేస్తూ కుదిరింది. నాకే గుర్తులేనంతగా అలవాటైపోయింది.

ఆ రోజు శాస్త్రి గారు అబ్బాయి చేతులు పట్టి ఆపారు. నేను తీశాను. ఆయన వదల్లేదు. ఇంకా తీశాను. ఇంకా వదల్లేదు. ఈయన ఎందుకు కట్టించడని నేను, ఈమె ఎందుకు తియ్యదని ఆయన. మధ్యలో అబ్బాయి సూత్రం పట్టుకుని ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నాడు. మేళం వాళ్ళు బుగ్గలు పూరించుకుని సిద్ధంగా ఉన్నారు.

"కానియ్యమ్మా, లగ్నం దాటిపోతోంది!" అన్నారు శాస్త్రి గారు.

"తీస్తున్నానండీ! మీరే కానివ్వాలి!"

"ఏదీ? చప్పుడేదీ?"

"ఇది చప్పుడు చెయ్యదండీ!"

కోటేశ్వరరావు గారు పీటల మీద నుంచే గొంతెత్తారు. "చప్పుడు చెయ్యకపోవటం ఏందమ్మాయ్? అసలు తీశావా లేదా?"

"మీరడిగిన మిర్రర్‌లెస్సే బాబాయ్ గారూ!"

"అద్దం వద్దన్నా గానీ చప్పుడు వద్దన్నానా? మిరపకాయ ఊపితే లోపల గింజ మోగాల. మోగలేదంటే పచ్చి ఉన్నట్టు. మోగని కాయ మేం కొనం, మోగని కెమెరాని ఎట్టా నమ్మేది? మోగించు ముందు!"

మండపమంతా నవ్వింది. యార్డులో పుట్టి పెరిగిన చుట్టాలు తలలూపారు. ఎవరో, "చెడిపోయిందేమో, ఫోన్లో తియ్యండ్రా!" అన్నారు. లక్షన్నర కెమెరా పట్టుకుని నిలబడ్డ నా ముందు ఆరేడు సెల్‌ఫోన్లు లేచాయి. పళ్ళు కొరుక్కుంటూ సైలెంట్ తీసేసి, మామూలు షట్టరు పెట్టి నొక్కాను. దీనికి అద్దం లేకపోయినా షట్టరు రెక్కలు ఉన్నాయి, అవి టక్‌మన్నాయి. శాస్త్రి గారి వేలు లేచింది, గట్టిమేళం మోగింది, ముడి పడింది. తలంబ్రాల దగ్గర నుంచి అప్పగింతల దాకా ఇంక సైలెంట్ జోలికి పోలేదు. పోతే ఊరుకునేట్టు లేరు.

మర్నాడు కంప్యూటర్లో తెరిచి చూస్తే తల తిరిగిపోయింది. సైలెంట్‌లో తీసిన ప్రతి ఫోటో మీదా అడ్డంగా నల్లటి చారలు. సైలెంట్ షట్టరు బొమ్మని ఒక్కసారిగా పట్టుకోదు, పైనుంచి కిందికి వరసవరసగా చదువుకుంటూ వస్తుంది. ఎల్‌ఈడీ లైటు మన కంటికి నిలకడగానే కనపడుతుంది గానీ, లోపల ఆరి వెలుగుతూ ఉంటుంది. ఆరిన క్షణంలో చదివిన వరసలన్నీ చారలవుతాయి. కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద నాకవి ఆనలేదు. తెర దించిన క్షణం మొత్తం పోయింది. లావణ్య కళ్ళ మీద నుంచే ఒక చార. మంగళసూత్రం నుంచి మాత్రం అన్నీ బంగారంలా ఉన్నాయి. అంటే నన్ను కాపాడింది ఆ పెద్దమనిషి అరుపే. అది ఒప్పుకోవటం చారల కంటే కష్టంగా ఉంది.

చారలు చెరపాలని నాలుగు రోజులు తంటాలు పడ్డాను. మొహాలు మైనపు బొమ్మల్లా తయారయ్యాయి. చివరికి బాజీ తన పాత వీడియో కెమెరాలోంచి ఆ క్షణాన్ని ఒక బొమ్మగా తీసిచ్చాడు. చారలు లేవు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదింకా మండింది. కానీ పాత వీడియో కాబట్టి అరచేతి సైజుకే నిలిచింది.

లావణ్య వచ్చి చూసింది. "పెద్దది కాదా అక్కా?"

"పెద్దది చేస్తే మొహాలు చెదిరిపోతాయమ్మా."

"సరేలే అక్కా" అంది.

బట్టల కొట్లో పెరిగిన వాళ్ళకి ఆ 'సరేలే' తెలుసు. చీర నచ్చక, ఆ మాట చెప్పలేక, గిరాకీ మెట్లు దిగేటప్పుడు అనే మాట అది.

ఆమె వెనకే వచ్చిన కోటేశ్వరరావు గారు కూర్చుని కంప్యూటర్లో ఫోటోలన్నీ తిప్పించుకుని చూశారు. చారలు ఉన్న దగ్గరల్లా, "ఇది తాలు. ఇది తాలు. ఇదీ తాలే" అంటూ పోయారు. రంగు పోయిన మిర్చికాయని తాలు అంటారు. మంచి కాయతో కలవకుండా ఏరి పక్కన పోస్తారు. తర్వాత జేబులోంచి డబ్బు తీసి, అందులో పదివేలు విడిగా లెక్కపెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"తరుగు" అన్నారు.

"బాబాయ్ గారూ, మీరు అడిగారనేగా కొన్నది."

"అడిగాను. కాయ కోసినాక ఎండబెట్టుకోవాల్సింది రైతేగా అమ్మాయ్? ఎండిందో లేదో చూసుకోకుండా యార్డుకి తెస్తే తరుగు తియ్యరా?"

జీవితంలో మొదటిసారి, బేరం ఆడకుండా మిగతా డబ్బు అందుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా కుర్ర ఫోటోగ్రాఫరు వచ్చి, కొత్త బాడీ కొననా అని అడిగితే ధర అడగను. నీ పాతది చెయ్యలేక చేతులెత్తేసిన పని ఒక్కటి చెప్పు అంటాను. చెప్పలేకపోతే అద్దెకి తెచ్చుకోమంటాను. కొన్నా సరే, ఇంకొకరి ముహూర్తం మీద దాన్ని నేర్చుకోవద్దంటాను.

ఇక లెక్క. తొంభై వేలలో తరుగు పోగా చేతికి వచ్చింది ఎనభై. అందులో బాజీకి పాతిక, ఆల్బానికి పద్దెనిమిది పోగా మిగిలింది ముప్పై ఏడు వేలు. బాడీ లక్షా నలభై ఎనిమిది, అడాప్టరు పదిహేను, కార్డులు పద్నాలుగు, బ్యాటరీ ఆరు, కంప్యూటరు వైద్యం పదిహేడు, మొత్తం రెండు లక్షలు. ఆ రోజుకి ఆ పెళ్ళి వల్ల నా చేతినుంచి పోయింది లక్షా అరవై మూడు వేలు. అద్దెకి తెచ్చుంటే ఏడు వేలు. లావణ్య గోడ మీద ఖాళీగా ఉండిపోయిన జాగాకి మాత్రం నేను ధర కట్టలేదు.