పురుగుల అద్దంలో అత్తమ్మ

ఇంటి మీంచి విమానం దిగుతుంటే మా ఇంట్లో ఎవరైనా సరే మాట ఆపేస్తారు. అది వెళ్లిపోయాక, ఆపిన చోటే మళ్లీ అందుకుంటారు. పాల్మాకులకు కాపురానికొచ్చిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. నా ఉప్మాను తిడుతూ తిడుతూ అత్తమ్మ సగంలో ఆగిందంటే, పోనీలే పాపం అని వదిలేసిందనుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని. చప్పుడు తగ్గాక మిగతా సగం వచ్చేది.

నాకు పురుగుల ఫోటోలు తీసే పిచ్చి ఉంది. వారమంతా ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో డబ్బాల లెక్కలు చూసి, సెలవు రోజున పెరట్లో చిక్కుడు పందిరి కింద బోర్లా పడుకుంటాను. "మా కోడలు చీమలకు సాష్టాంగం పెడుతున్నది, జర ఆగున్రి" అని అత్తమ్మ వచ్చినవాళ్లను గుమ్మంలోనే నిలబెట్టేది. అంత సాష్టాంగపడినా కెమెరాతో వచ్చిన లెన్సులో చీమ నల్లటి చుక్కలాగే పడేది. చిన్నవాటిని పెద్దగా చూపే మాక్రో లెన్సు కొంటానంటే మా ఆయన నవ్వాడు. "పురుగుల కోసం లెన్సు కొన్నమంటే ఊరు ఊరంతా నవ్వుతది. మనుషులను గూడ మంచిగ తీసేది చూడు" అన్నాడు.

మనుషులంటే ఇంకెవరు, అత్తమ్మే. జల్‌పల్లిలో ఉండే వాళ్లక్క పోయినప్పుడు ఇంటిల్లిపాదీ ఫోన్లు వెతికారు. పెళ్లి ఫోటోల్లో ఆమె భుజం ఉంది, వీపు ఉంది, మొహం లేదు. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి దండ వేశారు. అత్తమ్మ దినాలకు వెళ్లి ఆ ఫోటో ముందు కూర్చుని, విస్తట్లో అన్నీ వడ్డించి, ఏడవడం మానేసి దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక నాతో అంది.

"మా అక్కను దొంగతనం కేసుల పట్టుకొచ్చినట్టున్నది. గామెకు పెట్టింది మా అక్కకెట్ల ముడుతది? నాకు గిట్ల చెయ్యకున్రి బిడ్డా."

ముట్టడం అంటే మా వైపు చిన్న మాట కాదు. ఫోటో ముందు పెట్టిన బువ్వ పోయినవాళ్లకు చేరాలి. చేరకపోతే వాళ్లు ఆకలితో ఉన్నట్టే. అక్క ఆకలితో ఉందేమోనని అత్తమ్మ నిజంగానే దిగులు పడింది. రేపు తన గతీ అంతేనని భయపడింది కూడా. ఇక లెన్సు నా ఒక్కదాని సరదా కాకుండా పోయింది.

కొనడానికి బయల్దేరితే ఆమే ముందు బస్సెక్కి కిటికీ సీటు పట్టుకుంది. దుకాణంలో కృష్ణా జిల్లా అబ్బాయి ఉన్నాడు, మాట్లాడితే చివర అండీ లేకుండా ఉండదు. అరవై మిల్లీమీటర్లదీ వందదీ బల్ల మీద పెట్టాడు. "అరవైది తేలికండీ. కానీ పురుగుకి బెత్తెడు దూరంలోకి వెళ్లాలండీ, ఎగిరిపోద్దండీ. వందదైతే జానెడు దూరం నుంచే తీయొచ్చండీ. మనుషుల మొహాలూ చక్కగా వస్తాయండీ."

"పురుగులకు నాకు ఒకటే అద్దమా?" అంది అత్తమ్మ. అంతసేపూ ఆ అబ్బాయి చూపిస్తున్న ఈగ ఫోటోను ముచ్చటగా చూస్తున్న మనిషే.

వంద బిగించి ఆమెను తీశాను. తెర మీద మొహం విప్పారింది. కళ్ల కింద గీతలు, మూతి చుట్టూ గీతలు, ముక్కుపుడక పక్కన నాకెన్నడూ కనిపించని చిన్న మచ్చ. కెమెరా ఎదురుగా ఉండేసరికి గుడ్లప్పగించి, పెదాలు బిగించి, అచ్చం ఆధార్ కార్డే. "దున్నిన చెలక లెక్కున్నది" అంది. అబ్బాయి కంగారుపడి, అదెంత పనండీ అంటూ కంప్యూటర్లో గీతలన్నీ చెరిపేసి చూపించాడు. అత్తమ్మ వంగి చూసింది.

"గీ పిల్ల ఎవలు?"

"మీరేనండీ, అమ్మగారూ."

"నేనెట్లయిత? దీని ముందర పెడితే గీ పిల్ల తింటది. నా ముడతలు నాకు లేకుంటే నాకెట్ల ముడుతది?"

అబ్బాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను నవ్వాపుకోలేక వందదే ప్యాక్ చేయమన్నాను.

కొన్నానే గానీ పని కాలేదు. ఈగ కాళ్ల మీది వెంట్రుకలు పడ్డాయి, తూనీగ కళ్లు పడ్డాయి, అత్తమ్మ పడలేదు. కెమెరా ఎత్తితే చాలు మొహం బిగిసేది. నవ్వమంటే, "పోయినంక నవ్వుతరా ఎవలన్న?" అని నన్నే అడిగేది.

ఒక ఆదివారం ఆమె చిక్కుడుకాయలు తెంపుతుంటే, ఆకుపచ్చ గొల్లభామ ఒకటి తీగ మీంచి ఆమె భుజం మీదికి దిగింది. ముందు కాళ్లు రెండూ జోడించి, మెడ తిప్పి నిలబడింది. అలా నిలబడ్డ గొల్లభామ కోసం నేను ఎన్ని ఆదివారాలు మట్టిలో పొర్లానో నాకే తెలుసు.

"అత్తమ్మా, కదలకు. నీ భుజం మీద గొల్లభామ" అన్నాను.

ఫోటో దానికేనని తెలియగానే ఆమె మొహం వదులైంది. తల కాస్త వంచి దాన్ని చూసింది. "ఏందే, నువ్వు గూడ ఆధార్ కార్డు తీసుకుంటవా?" అని అడిగింది, దాన్నే.

ఈ లెన్సుకో గుణముంది. ఇంత దగ్గర్లో ఒకదాని మీద ఫోకస్ పట్టుకుంటే రెండోది మసకబారుతుంది. గొల్లభామా అత్తమ్మా ఇద్దరూ కావాలంటే కుదరదు. ఒక్క క్షణం చాలా బాధపడ్డాను, అబద్ధం ఎందుకు. తర్వాత గొల్లభామను వదిలేసి అత్తమ్మ కన్ను పట్టుకున్నాను.

సాయంత్రం అరుగు మీద కూర్చుని చూపించాను. భుజం మీద మసగ్గా ఆకుపచ్చ మరక, దాని వైపు చూస్తూ ఆమె. ప్రతి గీతా ఉంది, మచ్చా ఉంది. మూతి చివర మాత్రం, నన్ను ఏడిపించే ముందు వచ్చే నవ్వు.

"ముడుతదా?" అన్నాను.

"ముడుతది" అంది. "గోడకు ఇప్పుడే పెట్టకు, చూసినోళ్లు దండలు పట్టుకొస్తరు. ఆ దినం దీని ముందర జొన్నరొట్టె పెట్టు, మటన్ కూర పెట్టు. ఇగ నువ్వు జేసే ఉప్మా..."

విమానం వచ్చింది. ఆమె ఆగి ఆకాశంలోకి చూస్తోంది. మిగతా సగం కోసం ఎదురుచూడటం నాకు అలవాటే. కానీ ఏదో ఒక రోజు విమానం వెళ్లిపోయాక కూడా ఆ సగం రాదు కదా అనిపించింది. చప్పుడు ఎంతకీ తగ్గలేదు.

"...గది మాత్రం పెట్టకు. పెడితే వాపస్ వస్త."

"అయితే ఉప్మానే పెడత, అత్తమ్మా" అన్నాను.