మక్కచేనుకు రాసిన ప్రోగ్రాం

వనపర్తి బస్టాండు వెనక సందులో ఎలక్ట్రానిక్ కిట్లు అమ్మే కొట్టు ఒకటుంది. అందులో కూర్చునే అమ్మాయి పావని. ఊరు గోపాల్‌పేట దగ్గర, తల్లి దేవమ్మ కూలికి పోతుంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక హైదరాబాదు పొమ్మని చెప్పినవాళ్లు చాలామందే. ఆమె పోలేదు. అక్కడికి పోతే వందమందిలో ఒకతి, ఇక్కడ తన మాటకు తిరుగు లేదని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

బడుల్లో సైన్సు ఫెయిర్ల కాలం వచ్చిందంటే ఆమెకు తిండి తినే తీరిక ఉండదు. అందరికీ రేపటికల్లా ప్రాజెక్టు కావాలి. నిజం చెప్పాలంటే ఆమె దగ్గరున్నది ఒకటే రకం కిట్టు. అరచేతిలో పట్టే పచ్చ పలక, దాని నడుమ నల్లటి చిప్పు. ఆ చిప్పునే మైక్రోకంట్రోలర్ అంటారు. పోయినేడు చెయ్యి చాపితే మూత తెరిచిన చెత్తబుట్టే, ఈ యేడు నేల ఎండితే మొక్కకు నీళ్లు పోసే యంత్రం అవుతుంది. పావని చేసేదల్లా పలకను కంప్యూటర్‌కు తగిలించి, చిప్పులోని పాత ప్రోగ్రాం తుడిచి కొత్తది ఎక్కించడం. బహుమతులిచ్చే పెద్దమనుషులకు ఈ సంగతి తెలియదు. తెలుసుకునే ఓపికా లేదనుకోండి.

"నేనేం జెప్తె గదే జేస్తది. ఎదురు మాట్లాడదు, మరిచిపోదు," అని చిప్పు గురించి గొప్పగా చెప్పుకునేది పావని.

"గసుంటి మొగుడుంటె నాక్కూడ ఒకణ్ని జూడు," అనేది స్వరూప.

పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. తర్వాత పావని చదువుకు పోతే, స్వరూప దేవమ్మ వెంట కూలికి పోయింది. అయినా మనసులో మాట చెప్పుకోవాలంటే ఒకరికి ఒకరే.

ఊరి చివర రోడ్డు పక్కన వెంకటన్న మక్కచేను. దేవమ్మకూ స్వరూపకూ, వాళ్లతో కూలికొచ్చే రంగమ్మకూ ఎక్కువ రోజులు పని అక్కడే. కంకులు పాలు పట్టేసరికి అడవిపందులు దిగాయి. అవి తిన్నది కొంచెం, తొక్కి పడేసింది చేనంత. చీకటి పడగానే తనంతట తానే వెలిగే వీధిదీపం కిట్టు ఏదో బడిలో చూసి, చేను చుట్టూ అలాంటి బల్బులు పెడితే ఎలా ఉంటుందని వెంకటన్న అడిగాడు. పావని ఒప్పుకుంది. పందులు మునిమాపునే దిగుతాయి కాబట్టి, వెలుతురు ఇంకాస్త మిగిలి ఉండగానే చీకటి పడిందనుకునేలా, వెలుతురును పసిగట్టే సెన్సార్‌ను సర్దింది. పలకను డబ్బాలో పెట్టి చేలో గుంజకు కట్టించింది.

కొద్దిరోజులకే వెంకటన్న మళ్లీ కొట్టుకొచ్చాడు.

"ఏంది బిడ్డా గిది? రోడ్డు మీద లారీ లైటు పడితె చాలు, తెల్లారిందనుకొని అన్నీ ఆర్పుతున్నది. మెరుపు మెరిసినా గంతే. పందులు లారీ ఎప్పుడొస్తదా అని కాసుకొని కూసుంటున్నయి."

"గింత దానికి పరేషానెందుకు కాకా? పలక గిటియ్యి, రాత మారుస్త."

మార్చింది. ఒకసారి చీకటి పడిందని నమ్మాక చిప్పు ఇక ఏ వెలుతురునూ పట్టించుకోకూడదు. పది గంటలు గడిచాకే మళ్లీ కళ్లు తెరిచి, వెలుతురు కనబడితే ఆర్పాలి. అంతే ప్రోగ్రాం. అరచేత్తో సెన్సార్ మూసింది, దీపం వెలిగింది. చెయ్యి తీసి టార్చి కొట్టింది, దీపం ఆరలేదు. పావనికి భలే సంతోషమైంది. కానీ ఆమె పరీక్షించింది అరచేతి చీకటిని. చేలో చీకటి ఎన్ని తీర్ల పడుతుందో దేవమ్మను అడిగితే చెప్పేది. అడగాలని తోచలేదు.

పందులకు ఆ బల్బులు నాలుగు రోజుల్లో అలవాటైపోయాయి. ఒకనాడు అన్నం తింటుంటే దేవమ్మ మాటల్లో మాటగా చెప్పింది.

"వెంకటన్న బల్బులు పీకేసిండు. చేను చుట్టు తీగ కట్టి నీ డబ్బాకే తగిలిచ్చిండు."

పావని నోటి దాకా వచ్చిన ముద్ద ఆగింది. "తీగల కరెంటు ఇడుస్తున్నడా?"

"రాత్రి పూటనేనట. తెల్లారితె బందైతదట గద. మిషన్‌కు పగలూ రాత్రీ తెలుస్తదని నువ్వే జెప్తివి."

పొద్దున్నే వెంకటన్నకు ఫోన్ చేసింది.

"కాకా, మనుషులు సస్తరు. తీగ తీసెయ్."

"రాత్రి నా చేన్లకు ఎవడొస్తడు బిడ్డా? మనిషైతె పొద్దున బందు వెట్టుడు మరుస్తడేమో గని నీ మిషన్ మరువదు. గా ధైర్నంతోనే కట్టిన. కంకులు ఇరిచేదాక ఓపిక వట్టు."

ఆ పొగడ్త ఆమెకు తియ్యగా తగిలింది. పైగా అమ్మకు పని ఇచ్చే మనిషి. "జల్ది తీసెయ్ కాకా," అని పెట్టేసింది. తీస్తావా పోలీసులకు చెప్పమంటావా అని ఆ పూటే గట్టిగా అని ఉండాల్సింది. అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పావని కొట్టులో ఒక్కతే కూర్చుని వైర్లు అతుకుతోంది. ఉన్నట్టుండి చేతిలోది కనబడకుండా పోయింది. తలెత్తి చూస్తే గోపాల్‌పేట దిక్కు నుంచి వచ్చిన నల్లటి మబ్బు పట్టణాన్ని కమ్మేసింది. ఎదుటి దుకాణంవాడు లైటు వేసుకున్నాడు. అప్పుడు బల్ల మీద మాదిరికి పెట్టిన వీధిదీపం కిట్టు, ఎవరూ ముట్టకుండానే వెలిగింది.

పావని దాన్ని చూసింది. నడివీధిలోనే ఇంత చీకటైతే, మనిషెత్తు పెరిగిన మక్క నడుమ గుంజకున్న డబ్బాకు ఎప్పుడో రాత్రయింది. తీగలో కరెంటు పారుతుంటుంది.

వెంకటన్నకు చేసింది. మోగింది, ఎత్తలేదు. దేవమ్మకు చేసింది.

"అమ్మా, యాడున్నవు?"

"వాన వట్టుకున్నది బిడ్డా, ఇంటికొస్తున్నం. నేను, స్వరూప, రంగమ్మ. అడ్డం వడి వెంకటన్న చేనెంబడి..."

"ఆగు! ఆడనే ఆగుండ్రి! తీగల కరెంటున్నది!"

"పట్టపగలు కరెంటేందే?"

ఆ వెనకే కేక వినిపించింది. ఆ కేక రంగమ్మది. స్వరూప పేరు పెట్టి పిలుస్తోంది, మళ్లీ మళ్లీ పిలుస్తోంది. దేవమ్మ గొంతు ఏడుపుతో ఫోన్‌లోకి వచ్చింది.

"ముంగట నడిచింది బిడ్డా. తీగ దాటబోయి దాని మీదనే వడ్డది. కదుల్తలేదు."

"ముట్టకుండ్రి! లైన్ బందు జేపిస్త, అందాక ఎవ్వరు ముట్టకుండ్రి!"

ఒక చెవిన అమ్మను అలాగే ఉంచి, కొట్టు ఫోన్ నుంచి లైన్‌మన్‌కు చేసింది. సబ్‌స్టేషన్‌కు చెప్పి తీయిస్తానని, కాస్త ఆగమని అన్నాడు. ఆ కాస్త ఎంతసేపో ఆమెకు అర్థం కాలేదు. ఆ పిల్ల అక్కడ పడి ఉంది, తాను ఇక్కడ ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

ఇంతలో మబ్బు తేలిపోయింది. సందు నిండా ఎండ పడింది. బల్ల మీది కిట్టులో ఉన్నది పాత ప్రోగ్రామే కాబట్టి, దాని దీపం బుద్ధిగా ఆరిపోయింది.

"ఎండొచ్చింది బిడ్డా!" దేవమ్మ గొంతులో ప్రాణం లేచి వచ్చింది. "తెల్లగ ఎండొచ్చింది. ఇగ నీ మిషన్ బందైనట్టే గద? పిల్లను లేపుతం. రంగమ్మ చెయ్యి వెడ్తున్నది."

"వద్దు!" పావని అరిచిన అరుపుకు వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. "బందు గాలేదమ్మా. ఎండ గొట్టినా బందు గాదు. గట్ల నేనే రాసిన. నీ కాళ్లు మొక్కుత, రంగమ్మను గుంజు, దాన్ని ముట్టకుండ్రి!"

అటువైపు దేవమ్మ రంగమ్మను వెనక్కి గుంజిన చప్పుడు, రంగమ్మ ఏడుపు వినిపించాయి.

"మరి గట్లనే జూసుకుంట నిలవడాల్నా బిడ్డా?" అంది దేవమ్మ.

"నిలవడాలె అమ్మా," అంది పావని.