అత్త చెక్కిన పెరడు

మా మేనత్తకు కాలు ఒకచోట నిలవదు. అందరూ ఆవిడను పాదరసం అనేవారు, చాటుగా నేను కూడా. వారమంతా బట్టల దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చునేది కానీ, అక్కడా కాళ్ళు ఆడుతూనే ఉంటాయి కాబట్టి దాన్ని కూర్చోవడం అనలేం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో పిల్లలకు పాఠం చెప్పేది. శనివారం పార పట్టుకుని ఆ గది వెనక పెరడంతా గడ్డి చెక్కేది. దేవుడి ఆవరణలో గడ్డిపోచ కనబడితే ఆవిడకు నిద్ర పట్టదు. పన్నెండేళ్ళు అదే పని. పెరడు అద్దంలా ఉందని పాస్టరుగారు ప్రతి వార్షిక సభలోనూ అందరిముందూ మెచ్చుకునేవారు. ఆవిడను ఎవరైనా దేనికైనా మెచ్చుకున్నారంటే అందుకే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ గది గోడకు పగులు వచ్చింది. కట్టింది మా నాన్న, తాపీమేస్త్రీ. ఇంకేం, నిందంతా ఆయన నెత్తిన పడింది. అందరికంటే ముందు అన్నది అత్తే. "సొంత తమ్ముడైతే మాత్రం? సిమెంటు సరిగ్గా కలపలేదు వాడు" అని నలుగురిలో అనేసింది. నాన్న నోరు మెదపలేదు. చర్చికి రావడం మానేశాడు. పనికి పిలిచేవాళ్ళూ తగ్గారు. అమ్మ నన్ను మాత్రం పంపేది. నేను రెండేళ్ళు అత్త పాఠాలు పళ్ళు నూరుకుంటూ విన్నాను.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు వానలు ఎక్కువయ్యాయి. పగుల్లో నా వేలు దూరేది. ఒక ఆదివారం సంఘపెద్దలు వచ్చి, గది ఉంచాలా కూల్చాలా తేలుస్తామన్నారు. కూలిస్తే నాన్న పేరు ఇక మట్టిలో కలిసినట్టే.

అత్త ఆ రోజు వానకు మట్టి ఎలా కొట్టుకుపోతుందో చూపించే నేలకోత పాఠం పెట్టుకుంది. రెండు రేకు ట్రేలను ఇటుకల మీద ఏటవాలుగా నిలబెట్టింది. ఒకదాంట్లో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో గడ్డితో సహా పెళ్ళగించి తెచ్చిన మట్టి.

"దేవుడు మొదటి మనిషిని తోటలో ఎందుకు పెట్టాడర్రా? తిని పడుకోమనా? సాగు చెయ్యమని, కాపాడమని! నేల మనది కాదు, ఆయనది. మన చేతికి అప్పగించాడంతే" అంటూ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేస్తోంది.

నీళ్ళు చల్లింది. గడ్డి ఉన్న ట్రే నుంచి తేటనీళ్ళు కారాయి. ఉత్త మట్టి ఉన్న ట్రేలోది బురదై బకెట్లోకి జారిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూశారా? వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. గడ్డి తీసేస్తే దాన్ని పట్టుకునేదెవరు?"

"అత్తా, ఈ గడ్డి ఎక్కణ్ణుంచి తెచ్చావ్?" అన్నాను. నాకేదో తట్టి అడగలేదు. ఆవిడ చీర అంచుకు బురద ఉంది, వెక్కిరిద్దామని అడిగాను.

"రోడ్డవతల నుంచి. మన పెరట్లో గడ్డెక్కడుందే? నేను ఉండనిస్తేగా..."

మాట ఆగిపోయింది. మరుక్షణం గబగబా పెరట్లోకి నడిచింది. మేమూ వెనకే పరిగెత్తాం. పెరడు కాలవ వైపు వాలుగా ఉంటుంది. చూరు నీళ్ళు పడ్డచోటల్లా మట్టి కొట్టుకుపోయి చాళ్ళు పడ్డాయి. మట్టిలో ఉండాల్సిన పునాది రాళ్ళు మూడు వరసలు బయటికొచ్చి ఉన్నాయి. మేం ప్రతి ఆదివారం చూసేవే. అరుగనుకుని వాటిమీద టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవాళ్ళం.

అంతలో పాస్టరుగారితో పెద్దలు వచ్చారు. అత్త ఊరుకుంటే అడిగేవాళ్ళెవరూ లేరు.

"సిమెంటు తప్పు కాదండీ. మా తమ్ముడి తప్పు కాదు. దేవుడు కప్పి ఉంచిన నేలను పన్నెండేళ్ళు నేనే చెక్కేశాను" అంది.

"అయ్యో, మీరు మంచికే చేశారు కదమ్మా" అన్నారు పాస్టరుగారు.

"మంచికే చేశానంటే వాడి పేరు తిరిగొస్తుందాండీ?"

పెద్దలు పునాది చుట్టూ మూగారు. అత్త వాళ్ళ కోసం ఆగలేదు. ముసురులో గొడుగైనా లేకుండా మా ఇంటికి నడిచింది. నేను వెంట పరిగెత్తాను. నాన్న వసారాలో తాపీకి పట్టిన తుప్పు గీకుతున్నాడు.

"ఒరేయ్, ఆ గోడ నీవల్ల కాదురా. నావల్ల. మట్టంతా నేనే పోగొట్టాను."

నాన్న తలెత్తలేదు. "తెలుసక్కా. పగులు చూసిన రోజే తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావా? నన్ను నాలుగు తిట్టొచ్చు కదరా!"

"నలుగురూ నిన్ను మెచ్చుకునేది ఆ ఒక్కదానికే కదక్కా. అదెలా లాక్కోను?"

అత్త అక్కడే వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ తువ్వాలు తెచ్చి ఆవిడ తల తుడిచింది. నాకు మాత్రం, చెబితే నవ్వుతారేమో, నాన్న మీద కోపమొచ్చింది. ఆయన అక్క మీది ప్రేమకు రెండేళ్ళు తల దించుకుని తిరిగింది నేను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.