నేను మూడుసార్లు బిగించిన కుర్తా

నకిరేకల్‌లో నాది టైలర్ దుకాణం. ఆ రోజు ఇంటర్ చదివే నా మనవరాలు షాహీన్ కుర్తా పట్టుకొచ్చి, "దాదా, నడుము కాడ ఇంకో ఇంచు లోపటికి కుట్టు" అన్నది. కొలుస్తుంటే టేపు కింద పక్కటెముకలు ఒక్కొక్కటే చేతికి తగిలినయ్. రెండు నెలల్లో ఆ కుర్తాను బిగించుడు అది మూడోసారి. మొదటి రెండుసార్లు పిల్ల సంబరం చూసి నేనూ సంబరపడ్డ. ఆ తప్పు నాది.

అన్నం పెడితే, "రంజాన్‌ల తప్పిన రోజాలు ఇప్పుడుంటున్న" అనేది. తప్పిన ఉపవాసాలు తర్వాత తీర్చుకునుడు మా ఆడవాళ్లకు మామూలే. భక్తి అనుకొని మురిసినం. ఒక పొద్దున నల్లా కాడ కండ్లు తిరిగి పడ్డది.

ఇక్కడి డాక్టర్ థైరాయిడ్, టీబీ టెస్టులు రాసిండు. నార్మల్ అని బలం గోళీలిచ్చిండు. నెలైనా బరువు దిగుడే. నల్లగొండ దవాఖానల ఈసీజీ, రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, "పల్స్ నలభై రెండే. పొటాషియం తక్కువుంది. ఇది రోజా కాదు తాతా, అనోరెక్సియా నెర్వోసా. లావైతనన్న భయంతోని పిల్ల కావాలని కడుపు మాడ్చుకుంటాంది" అని అడ్మిట్ చేసుకున్నది.

సైకియాట్రిస్ట్ అడిగితే షాహీన్ ఫోన్ చూపించింది. నడుము తగ్గించే పొడి, పొట్ట అణిచే బెల్టు, 'ముందు, తర్వాత' ఫోటోలు. ఒకటి చూస్తే ఇంకో పది వస్తయట. నాకు ఒళ్లు మండింది. నలభై ఏండ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్న, ఆ బొమ్మల కొలత ఒక్కరికీ లేదు. ఫోటో కోసం బట్టను వీపు వెనుక పిన్నులతో గుంజి పెడతరని నాకు తెలుసు. పదిహేడేండ్ల పిల్లకేం తెలుసు? ఆకలిని అందమని అమ్ముకునేటోన్ని అడిగేటోడు లేడు. సెలైన్ మాత్రం మా పిల్లకు.

"ఒక్కసారే ఎక్కువ తినిపియ్యకుండ్రి, గుండెకు ప్రమాదం" అన్నరు. చెంచాడు జావతోని మొదలుపెట్టినం. ఇంటికొచ్చిన నెలకు ముఖం తేటపడ్డది. అప్పుడు నా చెల్లె వచ్చి, "ఏందే, బుగ్గలొచ్చినయ్, జర బొద్దుగైనవ్" అన్నది, ప్రేమతోనే. షాహీన్ రెండు రోజులు పళ్లెం ముట్టలే. మళ్ల దవాఖాన.

డాక్టరమ్మ నన్ను కూసోబెట్టి చెప్పింది: "సన్నగైనవ్ అనొద్దు, లావైనవ్ అనొద్దు. ఒంటి మాటే తియ్యొద్దు."

ఏడాదిన్నరైంది. షాహీన్ డిగ్రీ చదువుతాంది. నెలకోసారి కౌన్సెలింగ్‌కు తీస్కపోత. కొన్ని రోజులు ఇంకా పళ్లెం ముందర అరగంట ఊకె కూసుంటది, నేను ఎదురుగ కూసొని తింట.

ఫోన్ల వచ్చే ఆ ఫోటోలు ఆపుడు నా చేతుల లేదు. ఇంట్ల మాటలు ఆపుడు ఉన్నది. ఇది చదివేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే, చుట్టాలొస్తే గడప కాడనే చెప్పుండ్రి: చదువు అడుగు, దోస్తుల సంగతి అడుగు, ఒంటి మాట తియ్యకు. అలుగుతరని ఆగకుండ్రి. మొన్న నా చెల్లె అలిగి గడప కాడి నుంచే మళ్లిపోయింది. పోనిచ్చిన. లోపల షాహీన్ తింటాంది.