టైగర్ నీళ్ళు తాగని రోజు

టైగర్ నీళ్ళ గిన్నెలో మూతి పెట్టబోయి, ఒక్కసారి ఒళ్ళంతా విదిలించుకుని, తోక కాళ్ళ సందున దాచుకుని మూడడుగులు వెనక్కి వేసింది. రోహిణి కార్తె ఎండ. గిన్నె నిండా నీళ్ళు. దాని నాలుక జానెడు పొడుగున బయటికి వేలాడుతోంది. అయినా తాగలేదు. వెనక నుంచి వచ్చిన జూలీ కూడా అలాగే వాసన చూసి, నా వైపు అనుమానంగా ఒక చూపు చూసి, పక్కకి తప్పుకుంది. చీపురు చేతిలో పట్టుకుని వరండా మెట్టు మీద నిలబడి ఉన్నాను. బి.యస్సీ.లో జంతుశాస్త్రం చదివినదాన్ని. నీళ్ళు చూసి వెనక్కి తగ్గే కుక్కకి ఏం జబ్బో నాకు ఒకరు చెప్పాలా?

అప్పట్లో మా ఎల్.బి.నగర్ ఊరూ కాదు, పొలమూ కాదు. మా కాలనీలో ఇళ్ళకంటే ప్లాటు నెంబర్లు వేసి పాతిన రాళ్ళే ఎక్కువ. పగలంతా ఆ రాళ్ళ మధ్య గాలి తప్ప ఎవరూ తిరిగేవారు కాదు. కూరలు కావాలన్నా, పిల్లలకి మందులు కావాలన్నా బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ పోవాలి. మా వారిది నెలకి ఇరవై రోజులు క్యాంపుల్లో తిరిగే ఉద్యోగం. ఏడేళ్ళ పెద్దాడు బడికి పోతే, నాలుగేళ్ళ చిన్నది మధ్యాహ్నం నిద్రపోతే, ఆ ఇంట్లో నాతో మాట్లాడడానికి మిగిలేవి ఈ రెండు కుక్కలే. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక కుప్ప మీద పుట్టాయి. కట్టడం పూర్తయ్యాక వాచ్‌మన్ తాళాలతో పాటు వాటినీ మాకు అప్పగించి వెళ్ళాడు. (టైగర్ అని పేరు పెట్టింది మా వారు. బొద్దింక కనబడితే వరండా దిగిపోయే కుక్కకి ఆ పేరు పెట్టే ధైర్యం ఆయనకే ఉండాలి.) నేను వాటితో కూర గురించి, ఉత్తరం రాలేదన్న సంగతి గురించి, అన్నీ చెప్పేదాన్ని. ఒకసారి పోస్ట్‌మన్ గేటు దగ్గర ఆగి విని, "చుట్టాలొచ్చారామ్మా?" అని అడిగాడు. అవునన్నాను.

ఆ వేసవిలో పిల్లల్ని తీసుకుని తెనాలి, మా అమ్మ దగ్గరికి నెల రోజులు వెళ్ళాను. కుక్కల్ని ఎవరికి అప్పగించాలి? మా గోడకి అవతల ఒక పాత ఇల్లుంది. కాలనీ రాకముందు ఈ పొలాలన్నీ వాళ్ళవే. ఆ ఇంటావిడని కాలనీ అంతా పటేలమ్మ అనేది. నేను మాత్రం పిన్నిగారూ అనేదాన్ని, అదీ గోడ మీంచే. కొత్త ఊళ్ళో ఎవరింట్లోకీ దూరి కూర్చోకమ్మా అని మా అమ్మ చెప్పి పంపింది. నేను మరీ బుద్ధిమంతురాలినై రెండేళ్ళూ గోడ దాటలేదు. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు పటేలమ్మ తనే మా ఇంటికి వచ్చి, నాకు బొట్టు పెట్టి, "మా చిన్నపిల్ల పెండ్లి బిడ్డా, పిల్లలను తీస్కొని తప్పక రావాలె" అని పిలిచింది. నేను, "అయ్యో, ఊరెళ్తున్నామండీ" అని, అదే నోటితో, "ఈ కుక్కల్ని కాస్త చూస్తారా?" అని అడిగాను. పెళ్ళి పిలుపుకి వచ్చిన మనిషికి కుక్కల్ని అంటగట్టిన ఘనురాలిని, ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, "పెండ్లిల ముప్పై మంది తింటరు, గివి రెండు ఎక్కువనా?" అని, మేము బయల్దేరే రోజు వాటిని గోడ మీంచి ఎత్తి తీసుకుంది.

తిరిగొచ్చిన రోజు బస్సు హయత్‌నగర్ దాటగానే పిల్లలు నిద్ర లేచి, "టైగర్ ఏం చేస్తూ ఉంటుంది?" అని మొదలుపెట్టారు. నాకూ అదే ధ్యాస. నెల రోజులు అమ్మా, వదినలూ, పిల్లల గోలా మధ్య ఉండి వచ్చానేమో, తాళం తీయగానే ఇంట్లోంచి వచ్చిన నిశ్శబ్దం నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది. తీసుకురావడానికి తెనాలి వచ్చిన మా వారు మమ్మల్ని ఇంట్లో దింపి, గంటలో క్యాంపుకి వెళ్ళిపోయారు. ఆ బెంగ తీర్చుకోవడానికి నాకు తెలిసిన మందు ఒకటే, కడగడం. గదులు కడిగాను, వరండా కడిగాను, మెట్లు కడిగాను. ఫినాయిల్ సీసాలో ఇంకా మిగిలిందని కుక్కల సత్తు గిన్నెలు కూడా దాంతోనే తోమి తళతళలాడించాను. ఈలోగా కుక్కలు గోడ దూకి వచ్చాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. బస్సు దిగేటప్పుడు చిన్నదాని మోకాలు గీసుకుపోయింది. టైగర్ ఆ మోకాలిని ప్రేమగా నాకింది. అప్పుడు నాకు ముచ్చటేసింది. నీళ్ళ గిన్నె దగ్గర అది వెనక్కి తగ్గిన క్షణం నుంచీ మాత్రం నాకు ఆ మోకాలు తప్ప మరేమీ కనబడలేదు.

పిల్లలిద్దర్నీ గదిలోకి తోసి గడియ పెట్టాను. తర్వాత శాస్త్రీయంగా పరిశీలించాను. మొదటిది, నీళ్ళంటే భయం. రెండోది, చొంగ కారుతోంది. మూడోది, మొరిగితే గొంతు బొంగురుగా, వేరే కుక్కలాగా ఉంది. నెల రోజుల తర్వాత నేను కలిపి పెట్టిన పప్పన్నం వైపు కన్నెత్తి చూడలేదు. "టైగర్!" అని పిలిస్తే చెవి కూడా కదపలేదు. చదువుకున్న చదువంతా ఒక్కసారి ఒంటి మీదికి వచ్చింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు! నాలుగేళ్ళ పిల్ల పొట్టలో పద్నాలుగు సూదులు పట్టే చోటేది?

"అమ్మా, టైగర్‌కి ఏమైంది?" కిటికీ చువ్వల్లోంచి పెద్దాడు.

"దాని దగ్గరికి వెళ్ళకూడదు. ఇంక ఎప్పుడూ వెళ్ళకూడదు."

"జూలీ దగ్గరికి?"

"దాని దగ్గరికీ వెళ్ళకూడదు."

చిన్నది మోకాలు చూసుకుని రాగం అందుకుంది. మా వారికి చెబుదామంటే ఏ ఊళ్ళో ఉన్నారో ఆయన ఆఫీసుకే తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల డాక్టరు సాయంత్రం అయిదింటికి గాని రాడు. ఇంకా రెండు గంటలు. చీపురు ఆయుధంలా పట్టుకుని, గది తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఎదురుగా నా రెండేళ్ళ నేస్తాలు తల ఒకవైపు వంచి, ఈవిడకేమైందబ్బా అన్నట్టు నన్నే చూస్తున్నాయి. అంత ఒంటరితనం నాకు అంతకు ముందెన్నడూ తెలియదు.

గోడ మీద పటేలమ్మ తల లేచింది. "ఏమాయె బిడ్డా? పిల్ల గట్ల ఏడుస్తున్నదేంది?"

"మీరు అక్కడే ఉండండి పిన్నిగారూ! రాకండి! కుక్కలకి పిచ్చెక్కింది."

"ఎవలికి? నల్లోనికా?"

"నల్లోడెవరు?"

"గదే, నీ టైగరు. మాకు గా పేరు నోరు తిరుగలే. గా ఎర్రరంగుది ఎర్రి. ఓ నల్లోడా, ఇటు రా!"

టైగర్ తోక ఊపుకుంటూ గోడ దగ్గరికి పరుగెత్తింది. అయినా నేను పట్టు వదల్లేదు.

"గొంతు మారింది చూడండి. అది ఆ జబ్బు లక్షణం."

"మారదా మరి? పెండ్లిల మూడు దినాలు బ్యాండోళ్ల మీద మొరిగినయ్. బ్యాండోళ్లు అలసిపోయిండ్రు గని, గివి అలసిపోలే."

"చొంగ కారుస్తోంది."

"మా పొయ్యి మీద తలకాయ కూర ఉడుకుతున్నది. ఎవలికి కారదు?"

"నీళ్ళు చూసి పారిపోతోంది పిన్నిగారూ!" అన్నాను. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చేసింది.

ఈసారి ఆవిడ నవ్వలేదు. గేటు తీసుకుని లోపలికి వచ్చి, గిన్నె దగ్గర కూర్చుని, దాన్ని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా మొహం చూసింది. "గిన్నె దేనితోని తోమినవ్?"

"ఫినాయిల్‌తో."

"ఓ సదువుకున్న తల్లీ, జర నువ్వు తాగు సూద్దాం."

కిటికీలోంచి పెద్దాడు, "అమ్మా, బి.యస్సీ.లో ఫినాయిల్ గురించి లేదా?" అన్నాడు. (వాడికి ఇప్పటికీ ఆ ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను.)

పటేలమ్మ గేటు దాటి వెళ్ళి, తన ఇంటి ముందున్న రాతి తొట్టిలో రెండు బిందెలు పోసింది. కుక్కలు రెండూ గోడ దూకి, ఆ తొట్టికి అతుక్కుపోయి తాగుతూనే ఉన్నాయి. నేను మెట్టు మీద కూలబడి ఏడుస్తూ నవ్వాను. ఆవిడ తొట్టి పక్కనే నిలబడి, నన్ను చూడకుండా, నల్లోడి వీపు నిమురుతూ అంది: "రెండేండ్లాయె నువ్వు గీ ఇంటికొచ్చి. ఒక్కదినం మా గడప తొక్కినవా? నీకంటె నీ కుక్కలే నయం, పెండ్లికన్న ఒచ్చినయ్."

నేను లేచి గోడ దగ్గరికి వెళ్ళాను.

"బిడ్డను సాగనంపినంక ఇల్లు గుయ్యిమంటున్నది. గీ రెండు లేకుంటె నేను ఎవలతోని మాట్లాడుదు? నల్లోనితోనే ముచ్చట పెడుతున్న," అని చేయి వెనక్కి తీసుకుంది. "తీస్కపో తియ్. నీ కుక్కలేనాయె."

అంటే గోడకి అటు ఒకరూ ఇటు ఒకరూ, ఇద్దరు ఆడవాళ్ళు అవే కుక్కలకి అవే కబుర్లు చెప్పుకుంటున్నామన్న మాట. పాపం, ఆ కుక్కలు ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.

తీసుకుపోవడానికి అవి వస్తేగా! గోడ దగ్గర నిలబడి, "టైగర్!" అని పిలిచాను, రాలేదు. సిగ్గు విడిచి, "నల్లోడా!" అన్నాను. తల తిప్పి చూసింది, అంతే. వాటి గిన్నెలు నాలుగుసార్లు నీళ్ళతో కడిగి, వరండాలో పెట్టి లోపలికి వచ్చాను. తలకాయ కూరతో నా పప్పన్నం పోటీ పడగలదా?

ఇదంతా జరిగి ఆరేళ్ళు గడిచాయి. పిల్లలు నిద్రపోయాక దీపం కింద కూర్చుని ఇది రాస్తుంటే, చీపురు పట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడిన ఆనాటి నా మీద నాకే నవ్వూ వస్తోంది, జాలీ వేస్తోంది. నిజంగా నేను భయపడాల్సింది ఒక్కటే ఉంది, రెండేళ్ళుగా ఎవరింటి గడపా తొక్కకపోవడం. దానికి మందు నేను చదివిన పుస్తకాల్లో లేదు.

ఆ ఫినాయిల్ గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే పిల్లలు గోడ మీదికెక్కి, "టైగర్! జూలీ!" అని అరుస్తున్నారు. అటునుంచి జవాబు లేదు. "అమ్మా, ఇంక అవి మనవి కావా?" అని చిన్నది పెదవి విరిచింది. నేను జంతికల డబ్బా, ఆవకాయ సీసా, పెళ్ళికూతురి కోసం ఒక రవికె గుడ్డ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను.

"గోడ దిగండి," అన్నాను. "చెప్పులేసుకోండి. గేటు తీసుకుని వెళ్దాం. 'అమ్మమ్మగారూ, పెళ్ళికి వచ్చాం' అని పిన్నిగారితో చెప్పాలి. ఆలస్యమైందని ఏమైనా అంటే, మీరేం మాట్లాడకండి, ఆ మాటలు నేను పడతాను."