కాలువ కట్ట దారి

సికింద్రాబాద్ నుంచి మెదక్ దాకా సైకిలు మీద వెళ్లే దారి గీయడానికి నాకు వానాకాలమంతా పట్టింది. దాన్ని మార్చడానికి మా గుంపుకు ఒక చాయ్ తాగేంత సేపు పట్టింది. ఇంతవరకు చెప్తే చాలు, మిగతాది ఎవరికీ అక్కర్లేదని మా ఆవిడ అంటుంది. నేను చెప్తాను.

మేము ఆరుగురం, అందరం యాభై దాటినవాళ్లమే. ఆదివారాలు తొక్కుతాం. ఏడాదికొకసారి, వానలు వెనక్కి పోయి చలి మొదలయ్యేటప్పుడు, రెండు రోజుల ప్రయాణం పెట్టుకుంటాం. ఒకరోజు పోవడం, ఆ ఊళ్లో లాడ్జిలో పడుకోవడం, మర్నాడు ఇంకో దారిన తిరిగి రావడం. హైవే మీద లారీల పక్కన తొక్కే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి సగం తారు, సగం మట్టి ఉండే దారులు వెతుక్కుంటాం. మా టైర్లూ అందుకు తగ్గవే. మరీ సన్నవి కావు, మరీ లావువి కావు.

వెతుక్కుంటాం అంటే నేను వెతుకుతాను. మిగతావాళ్లు తొక్కుతారు. మెట్టుగూడలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని, ఫోన్లో పైనుంచి తీసిన బొమ్మను పెద్దది చేసి, ఎర్రగా కనపడేది మొరం, బూడిద రంగులో కనపడేది సిమెంటు రోడ్డు, నల్లగా తేలేది తారు అని గుర్తుపట్టడం కళ్లు మండే పని. చెట్ల కింద దారి మాయమవుతుంది. అది దారేనా, ఎండిన వాగా అని తేల్చుకోవడానికి సాయంత్రాలు పోతాయి. ఇంత చేసినవాడికి ఎవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదు. నవ్వకుండా ఉంటే చాలు.

నవ్వారు. పోయినేడాది నేను గీసిన దారిలో ఒకచోట నల్లరేగడి చేల మధ్య బండ్ల బాట వచ్చింది. ముందురోజు అక్కడ వాన పడిందని నాకెలా తెలుస్తుంది? మట్టి చక్రాలకు పట్టి, ఫోర్కులో ఇరుక్కుని, చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకితే నాలుగు అడుగులు పోయేది, మళ్లీ పట్టేది. చివరికి అందరం సైకిళ్లు భుజాన వేసుకుని నడిచాం. తారు రోడ్డు చేరి చాయ్ బండి దగ్గర కూలబడ్డాక, అల్వాల్ నుంచి వచ్చే మా మిత్రుడు ఒకాయన అన్నాడు.

"మామూలుగా మనం సైకిలెక్కుతామండీ. ఈయన గీసిన దారిలో సైకిలే మన మీదెక్కుద్ది."

అందరూ నవ్వారు. చాయ్ పోసే మనిషి కూడా నవ్వాడు, అతనికి మా సంగతి ఏమీ తెలియకపోయినా. ఆ మాట అక్కడితో ఆగలేదు. ఏడాది పొడుగునా, ఎక్కడ చిన్న గతుకు వచ్చినా ఎవరో ఒకరు "దిగండి, ఎక్కించుకోండి" అనేవారు. ఆ అల్వాల్ ఆయనతో నాకు పదేళ్లకు పైగా స్నేహం. వాళ్లది గోదావరి జిల్లా, ఇక్కడికొచ్చి టైల్స్ షాపు పెట్టుకున్నారు. మంచివాడే. కానీ మాట అన్నవాడు మర్చిపోతాడు, పడ్డవాడు మర్చిపోడు. నేనైతే మర్చిపోలేదు.

ఈ ఏడు కూడా నన్నే గీయమన్నారు. నా మీద నమ్మకంతో కాదు, ఆ పని మరొకరికి చేతకాక. మట్టి తగ్గించమని మాత్రం ముందే చెప్పారు. సరేనన్నాను. నాకు కావలసింది ఒక్కటే. నేను గీసిన దారిలో ఆరుగురూ మెదక్ దాకా దిగకుండా తొక్కాలి. అది జరిగితే ఆ మాట దానంతటదే పోతుంది. జరగకపోతే నేను ఫోను మూసేసి, ఇక ఈ గుంపుకు దారి గీయనని అనుకున్నాను. మా ఆవిడకు చెప్పాను కూడా.

"గా ఒక్క మాటను ఇంకెన్ని దినాలు మోస్తరు? ఆయన అన్నదే అయ్యె గదా, ఏదో ఒకటి మీ భుజం మీద ఉండనే ఉండె," అంది ఆమె, బియ్యం చెరుగుతూ. ఇంట్లో కూడా అంతే.

అందుకే ఈసారి బొమ్మను నమ్మలేదు. ఆదివారాలు గుంపుతో తొక్కడం మానేసి ఒక్కణ్నే పోయి చూసొచ్చేవాణ్ని. బొల్లారం దాటి దుండిగల్ వైపు నేను గుర్తుపెట్టుకున్న ఒక బాటకు అడ్డంగా వెంచర్ వాళ్లు కొత్త గేటు పెట్టారు. లోపల ప్లాట్లకు రాళ్లు పాతారు, ఆర్చి కట్టారు, మనిషి లేడు. ఆ బాట కొట్టేశాను. ఇంకో బాట చివర వాగు మీద కల్వర్టు కూలిపోయి ఉంది. అదీ కొట్టేశాను. నర్సాపూర్ అడవిలో బాగున్న దారి దొరికింది. దాని తరువాత, మెదక్ ఇవతల, మంజీర కాలువ కట్ట.

ఆ కట్ట చూసినరోజు నా కాళ్లు అప్పటికే పోయాయి. సీసాలో నీళ్లు లేవు. అయినా ఆగి చూశాను. మొరం పోసి రోలరు తొక్కించినట్టు గట్టిగా ఉంది. ఒకవైపు కాలువ, ఇంకోవైపు వరి. తూము దగ్గర కట్ట రెండుగా చీలుతుంది, ఎడమది మెదక్ వైపు, కుడిది ఎక్కడో పొలాల్లో ఆగిపోతుంది. ఆ కుడిదాన్లో కూడా చివరిదాకా పోయి, ఆగిపోతుందని చూసి, వెనక్కి వచ్చాను. కట్టకూ పక్కనున్న తారు రోడ్డుకూ మధ్య ఒక బండ్ల బాట ఉంది. దిగి ఆ మట్టిని చేత్తో పట్టి పిసికి చూశాను. చెలక మట్టి, చక్రానికి అంటుకోదు. రేగడి కాదు. చిలకలగూడ వచ్చేసరికి పెడలు తొక్కలేక సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వెళ్లాను. ఆ సంగతి గుంపులో ఎవరికీ తెలియదు, అడగలేదు కనక.

శనివారం సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. నేను ఫోను బల్ల మీద పెట్టి మొదటినుంచి చెప్పుకొచ్చాను. వెంచర్ గేటు గురించి చెప్తుంటే ఇద్దరు బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుంటూ క్రికెట్ మాట్లాడుకుంటున్నారు. కాలువ దగ్గరికి వచ్చేసరికి అల్వాల్ ఆయన ఫోను తనవైపు తిప్పుకుని చూశాడు.

"గురువుగారూ, పక్కనే ఇంత చక్కటి తారు రోడ్డు పెట్టుకుని కట్ట ఎందుకండీ?"

కట్ట మంచిగున్నది, పోయి చూసొచ్చిన అన్నాను. తారు రోడ్డు ఊళ్ల మధ్యకెళ్లి పోతది, స్పీడ్ బ్రేకర్లు, కుక్కలు, కట్ట మీద అవేవీ ఉండవని చెప్పాను. ఆయన నవ్వుతూనే మిగతావాళ్ల వైపు తిరిగాడు. తారు కావాలన్నవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు. బిస్కెట్ పట్టుకున్న చేతులు కూడా లేచాయి. లేవనిది నాదొక్కటే. ఆ తరువాత అందరికీ ఇంకో చాయ్ చెప్పారు, నాకు తప్ప. కావాలని చేశారని అనను. కానీ ఐదే వచ్చాయి.

ఇంటికెళ్లి ఎర్ర గీత చెరిపి నల్ల గీత గీశాను. మళ్లీ మొత్తం దూరం సరిచూసి అందరికీ పంపాను. జవాబుగా ఫోన్లో నాలుగు బొటనవేళ్లు వచ్చాయి.

ప్రయాణం రోజు నర్సాపూర్ దాకా ఏ ఇబ్బందీ రాలేదు. అడవి దారి బాగుందని ఒకాయన అన్నాడు, అదీ గాలి బాగుందన్నట్టు, గాలికి నాకు సంబంధం లేనట్టు. మధ్యాహ్నానికి తారు రోడ్డెక్కాం. నేను వెనక ఉన్నాను. ఎవరి దారిలో వాళ్లే ముందు నడవాలని నా ఉద్దేశం.

మొదట రోడ్డుకు ఎడమ సగంలో వడ్లు కనపడ్డాయి. కోతలు అయి వడ్లు ఆరబోసుకునే రోజులు. రోడ్డు పొడుగునా బంగారు రంగులో పరిచి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. కుడి సగంలో తొక్కుకుంటూ పోయాం. ఆ సంగతి నాకూ తట్టలేదని ఒప్పుకోవాలి. నేను చూసొచ్చినప్పుడు వరి ఇంకా పచ్చగా ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది. ఆరుగురం రోడ్డు ఏ రకందో చూశాం, ఏ నెలలో ఏమవుతుందో ఒక్కరమూ చూడలేదు. ఊరు దగ్గరపడేసరికి కుడి సగం కూడా నిండిపోయింది. ఒక ట్రాక్టరు అడ్డంగా ఉంది, దాని పక్కన ఒక పెద్దామె కాళ్లతో వడ్లు తిరగేస్తూ నడుస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, ఇది రోడ్డు కదమ్మా," అన్నాడు అల్వాల్ ఆయన, మర్యాదగానే.

"రోడ్డే బిడ్డా. మీకు రోడ్డు, మాకు కల్లం. పోరాదని అంటలేను. సైకిళ్లు ఎత్తుకోని పోండ్రి. బూట్లు సుత ఇప్పుండ్రి, వడ్ల మీద బూట్లతోని ఎవలన్నా నడుస్తరా?"

ఆమె చెప్పినదాంట్లో తప్పేముంది. మా సైకిలు బూట్ల అడుగున పెడలుకు పట్టే ఇనప ముక్కలుంటాయి, గింజ పిండి అవుతుంది. ఆరుగురం బూట్లు విప్పి లేసులు ముడేసి మెడకు తగిలించుకున్నాం. సైకిళ్లు భుజాన వేసుకున్నాం. వడ్ల నూగు అరికాళ్లను గీస్తుంటే, అడుగు తీసి అడుగు వేస్తూ నడిచాం. ఊళ్లోవాళ్లు అరుగుల మీంచి చూస్తున్నారు. నా ముందు అల్వాల్ ఆయన. ఆయనకు కుడి మోకాలు మంచిది కాదు, సైకిలు బరువుకు ఒకపక్కకు ఒరిగి నడుస్తున్నాడు.

ఏడాదిగా నేను ఎదురుచూసిన సమయం అది. ఇంతకన్నా మంచిది రాదు. ఆయన మాటే, ఆయన దారిలోనే, ఆయన భుజం మీదనే. ఆలస్యం చేయకుండా అన్నాను.

"ఏందన్నా, తారు రోడ్డు సుత మన మీదికే ఎక్కుతున్నది?"

ఎవరూ నవ్వలేదు. వినపడక కాదు, వినపడింది. నవ్వడానికి ఎవరి దగ్గరా ఊపిరి లేదు. ముందున్న ఒకాయన వెనక్కి తిరిగి చూసి మళ్లీ కాళ్ల వైపు చూసుకున్నాడు. ఆ మాట నా నోట్లోంచి వచ్చి వడ్ల మీద పడిపోయింది. పోయినేడాది ఆయన అన్నప్పుడు మేము కూర్చుని ఉన్నాం, చేతుల్లో చాయ్ ఉంది. నేను అన్నప్పుడు నాకూ సైకిలు బరువుగానే ఉంది. అది నేను లెక్కేసుకోలేదు.

ఊరి అవతల చింతచెట్టు కింద సైకిళ్లు దించాం. ముందు చూస్తే మలుపు దాకా మళ్లీ వడ్లే. ఒకాయన కింద కూర్చుని అరికాలులోంచి నూగు తీసుకుంటున్నాడు. హైవే ఎక్కుదాం అన్నారొకరు. లారీల్లోకి ఇప్పుడెక్కడ పోతాం అన్నారింకొకరు. అల్వాల్ ఆయన మోకాలు నొక్కుకున్నాడు. తరువాత తలెత్తకుండా అడిగాడు.

"మీ కాలువ కట్ట ఎటండీ?"

మీ కట్ట అన్నాడు. నేను వెంటనే చెప్పలేదు. ఫోను తీసి చూస్తున్నట్టు నటించాను. దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆయన ఇంకోసారి అడిగితే బాగుండునని చూశాను. ఆయన అడగలేదు, నీళ్ల సీసా మూత తీసి నాకు అందించాడు. తాగి, కుడివైపు బండ్ల బాట చూపించాను.

"అది రేగడేనా?" అన్నారెవరో.

"కాదు, చెలక. చేత్తోని పట్టి చూసొచ్చిన," అన్నాను.

బూట్లు తొడుక్కుని సైకిళ్లెక్కాం. బాటలో కొద్దిగా దుమ్ము లేచింది తప్ప చక్రం ఎక్కడా దిగబడలేదు. కట్ట ఎక్కాక కాలువ నీళ్ల మీదుగా గాలి వచ్చింది. మొరం మీద టైర్ల చప్పుడు ఒకేతీరుగా సాగుతోంది. చాలాసేపు ఆ చప్పుడే. అందరూ తొక్కుతున్నారు, ఎవరూ దిగలేదు. కోరుకున్నది ఇదే అయినా నా ముందు ఐదుగురు కాదు, ఐదు అలసిన వీపులు వరసగా పోతున్నట్టుంది. నా దారి బాగుందని అనడానికైనా ఒకరు వెనక్కి తిరిగేలా లేరు.

అల్వాల్ ఆయన వేగం తగ్గించి నా పక్కకు వచ్చాడు. కాసేపు పక్కపక్కన తొక్కాం.

"కసి తీరిందా గురువుగారూ?" అన్నాడు.

ఆలోచించాను. తీరిందంటే ఆయనకు బాగుంటుంది, నాకూ తేలిక. కానీ అబద్ధం.

"తీరలే," అన్నాను.

ఆయన నవ్వాడు. ఈసారి ఒక్కడే. నవ్వుకుంటూనే గేరు మార్చి ముందుకు పోయాడు. ఆ మోకాలితో అంత ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో.

తూము దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒక కాలు కింద పెట్టి ఆగి ఉన్నాడు. కట్ట రెండుగా చీలేది అక్కడే. ఫోను ఆయన సైకిలు హ్యాండిల్‌కే తగిలించి ఉంది, చూసుకోవచ్చు. చూసుకోలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూస్తూ నిలబడ్డాడు. మిగతావాళ్లు కూడా వచ్చి ఆయన వెనక ఆగారు.

చెయ్యెత్తి ఎడమవైపు చూపించాను.